కానన్ పిన్ను నుంచి ఆర్‌సీఏ దాకా

స్టూడియో మిక్సర్‌ను ఇంటి స్టీరియోకు కలిపే అడాప్టర్ వైరుకు ఒక కొస టెలిఫోన్, రేడియో స్టేషన్ల వైపు నుంచి వచ్చింది. రెండో కొస గ్రామఫోన్ ఉన్న ఇళ్ల వైపు నుంచి.

అన్నిటికంటే పాతది పావు అంగుళం జాక్. 19వ శతాబ్దం చివర్లో అమెరికా టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు చేత్తో లైన్లు కలపడానికి వాడిన ప్లగ్గు అది. రేడియో స్టేషన్లు కార్యక్రమాలను ఊరు దాటించింది టెలిఫోన్ తీగల మీదే కాబట్టి, ప్లగ్గుతో పాటు 600 ఓమ్‌ల లైను లెక్క కూడా స్టూడియోల్లోకి వచ్చింది. అందులో ఒక మిల్లీవాట్‌కు సరిపడే 0.775 వోల్టులే నేటికీ, సిగ్నల్ స్థాయిని చెప్పే డీబీయూ కొలతకు సున్నా. తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని కానన్ కంపెనీ మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్‌ను తెచ్చింది. అందులో ఒక పిన్ను గ్రౌండ్; ఒకే సిగ్నల్ రెండో పిన్ను తీగలో సూటిగా, మూడోదాని తీగలో తిరగబడి వెళ్తుంది. దీన్నే బ్యాలెన్స్‌డ్ అంటారు. దారిలో చేరిన రొద ఈ రెండు తీగల్లోనూ ఒకేలా పడుతుంది. అవతలి పరికరం ఆ రెంటి తేడానే తీసుకుంటుంది గనుక రొద రద్దవుతుంది.

ఇళ్లలో అంత హంగు అక్కర్లేదు. టర్న్‌టేబుల్‌ను రేడియోకు కలపడానికి ఆర్‌సీఏ కంపెనీ తెచ్చిన చవక ప్లగ్గే నిలిచిపోయింది. దానికి లోపల ఒక తీగ, చుట్టూ తొడుగు, అంతే. గుచ్చేటప్పుడు గ్రౌండ్ కంటే ముందు నడిమి పిన్ను తగులుతుంది. ఆంప్లిఫయర్ ఆన్‌లో ఉంటే ‘బుర్ర్’మంటుంది. ఇంత పేరున్న ప్లగ్గులో ఇంత తేలిక లోపం ఇన్ని దశాబ్దాలు సాగడం విచిత్రమే.

వోల్టేజి లెక్కలూ అలాగే విడిపోయాయి. స్టూడియో మామూలు స్థాయి 1.23 వోల్టులు, ఇంటి పరికరాలది 0.316. ఈ తక్కువ స్థాయినే రికార్డింగ్‌కు వాడుకుని, టియాక్ 1979లో క్యాసెట్ మీద నాలుగు ట్రాకుల పోర్టాస్టూడియోను తెచ్చింది. దానికి ఆర్‌సీఏ సాకెట్లుండడంతో ఇంటి డెక్కు నేరుగా కలిసేది.

అడాప్టర్ కలిపేది పిన్నుల్ని, వోల్టేజిని కాదు. స్టూడియో అవుట్‌పుట్‌ను ఇంటి ఇన్‌పుట్‌లోకి వదిలితే పెద్ద శబ్దాల దగ్గర పాట పగులుతుంది. తిరగేస్తే పాట సన్నబడుతుంది, గెయిన్ పెంచితే హిస్ వినిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్‌ల రోజుల్లో అడాప్టర్‌లో ఎక్స్‌ఎల్‌ఆర్ మూడో పిన్నును గ్రౌండ్‌కు కలపాల్సిందే, లేకపోతే సర్క్యూట్ పూర్తికాదు. ట్రాన్స్‌ఫార్మర్లు పోయి ఐసీలు వచ్చాక, అదే పని కొన్ని పరికరాలకు చేటు. వాటికి మూడో పిన్నును ఖాళీగా వదిలేస్తారు.

మరింత మోసపుచ్చేది మూడు కాంటాక్టుల పావు అంగుళం జాక్. హెడ్‌ఫోన్ స్టీరియోకూ, స్టూడియో బ్యాలెన్స్‌డ్ మోనోకూ దాని ఆకారం ఒకటే. బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌లో స్టీరియో అడాప్టర్ గుచ్చితే, ఒకే సిగ్నల్ ఎడమకు సూటిగా, కుడికి తిరగబడి వెళ్తుంది. స్పీకర్ల మధ్య నిలవాల్సిన గొంతు చెదిరిపోతుంది, బాస్ పలచబడుతుంది. మోనో బటన్ నొక్కితే దాదాపు ఏమీ వినిపించదు. ఆ అవుట్‌పుట్‌కు మోనో ప్లగ్గున్న వైరు కావాలి, ఒక్కో చానెల్‌కు ఒకటి చొప్పున.