ఉమ్మెత్త చుట్టం

వెస్ట్‌మీడ్ నుంచి చీకటితోనే బయల్దేరి, సిడ్నీ హెడ్స్ దాటి చేపలవేటకు వెళ్ళే మన తెలుగువాళ్ళకు నేను ముందుగా చెప్పేది ఒకటే: పడవ ఎక్కడానికి అరగంట ముందే వాంతుల మాత్ర వేసుకోండి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది వాంతిలోనే పోతుంది.

ఆ మాత్రల్లో చాలాకాలంగా వాడుతున్న మందు హయోసిన్. దాని కథంటే నాకు ప్రాణం. ఈ తూర్పు తీరపు అడవుల్లో కార్క్‌వుడ్ అనే చెట్టుంది. శాస్త్రనామం డుబోయిసియా, మన ఉమ్మెత్త కుటుంబమే. ఆదివాసులు దాన్ని మడుగు నీళ్ళలో కలిపి, మత్తెక్కిన చేపల్ని పట్టేవారు. రెండో ప్రపంచయుద్ధంలో హయోసిన్‌కు కొరత వస్తే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఆ మందునిచ్చే ఈ చెట్టు ఆకులనే నమ్ముకున్నారు. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగిన సైనికులకు సముద్రపు వాంతులు రాకుండా ఇచ్చిన మందుల్లో హయోసిన్ ఉంది. చేపను తూలించిన చెట్టే వేటగాణ్ణి నిలబెట్టిందన్నమాట!

అలాగని ఉమ్మెత్త గింజల జోలికి మాత్రం పోకండి, ప్రాణం తీస్తాయి. మాత్రతో నోరెండుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. గ్లాకోమా ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగందే వేసుకోకూడదు. తల వంచుకుని గాలానికి ఎర గుచ్చేటప్పుడే చాలామందికి వికారం మొదలవుతుంది. ఆ పని రేవులోనే ముగించుకుని, పడవ నడిమిభాగంలో నిలబడి దిగంతం వైపు చూడండి.