గెడ్డ వెంట మంద

మా తాత గొర్రెల కాపరి. ఉత్తరాంధ్రలో వంగర దగ్గర, సంగాం చుట్టూ ఉన్న మెట్టల్లో మంద తిప్పేవాడు. ఏ దిబ్బ మీద పడ్డ వాన ఏ గెడ్డలోకి దిగుతుందో, ఆ గెడ్డ ఏ చెరువు నింపి ఏ ఏట్లో కలుస్తుందో వేలెత్తి చూపించేవాడు. "నీరెటెల్తే గొర్రీ అటే ఎల్తాది, సూడు" అనేవాడు.

మాకు వాన మరీ తక్కువేం కాదు, ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైమాటే. నిలవదు, అదీ బాధ. పడమట తూర్పు కనుమలు, ఇటు సముద్రం, నడుమ కాస్త నేల. అడుగున గట్టి రాయి. దానికి ఖొండలైట్ అని పేరు, మన కొండల్లోని కోందు గిరిజనుల పేరు మీదే పెట్టారు. అది చివికి ఎర్రమట్టి అయింది. వానకు ఎర్రగా పొర్లిన గెడ్డలో కొన్నాళ్లకే ఇసుక తేలుతుంది. అందుకే పెద్దలు గెడ్డకు అడ్డంగా గట్టు వేసి, చెరువు కింద చెరువు కట్టుకున్నారు. పైది అలుగు పారితేనే కిందిదానికి నీరు.

మంద నడక కూడా ఈ వరుసనే. నాట్లు పడగానే పల్లంలో గొర్రెకు చోటుండదు, కొండవాలుకు ఎక్కాలి. కోతలయ్యాక దిగాలి. రాత్రి రైతు మడిలో మంద కడితే పెంట పొలానికి, ధాన్యం తాతకు. వేసవిలో ఎండిన చెరువు అడుగున మొలిచే పచ్చికే మందను బతికించేది.

సంగాంలో నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి. కరువు వేళ బలరాముడు నాగలితో నాగావళిని లాక్కొచ్చాడని, పాయకపాడు, గుంప, సంగాం, శ్రీకాకుళం, కళ్లేపల్లిలో ఐదు శివాలయాలు నిలిపాడని చెబుతారు. బలరాముడు పెరిగింది మందల మధ్యనే. మా కథలో మాత్రం నాగలే మిగిలింది.

నేల మీదా అదే జరిగింది. 1908లో నాగావళి మీద తోటపల్లి రెగ్యులేటర్ వచ్చింది. తర్వాత మా వంగర మండలంలోనే మడ్డువలస జలాశయం. కాలువ నీరు అందినచోట మెట్ట మడి అయింది. ఆ అన్నం నేనూ తిన్నాను, కాదనను. కానీ మంద నడిచే దారిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

పోయిన వేసవిలో తాత చూపిన గెడ్డ వెంట నడిచాను. పై చెరువు నుంచి కిందికి వచ్చే కాలువను దున్నేశారు. కింది చెరువు అలుగు రాళ్ల సందుల్లో గడ్డి మొలిచింది. మా మేనల్లుడి గొర్రెలు దాన్నే మేస్తున్నాయి.