నీటివైద్యానికి లైసెన్సు

జర్మను దేశీయుడైన లూయీ కూనే రచించిన ప్రకృతిచికిత్సా గ్రంథాన్ని ద్రోణంరాజు వేంకటాచలపతి శర్మగారు 1894లో తెనిగించారు. తొట్టిస్నానాల వైద్యం అట్లా మన భాషలోనికి వచ్చింది. అప్పటికి 'నేచురోపతి' అన్న మాటే పుట్టలేదు. ఆ పేరును మరుసటి ఏట, 1895లో, న్యూయార్కులో జాన్ షీల్ కల్పించాడు. పేరు కంటె ముందే వైద్యం తెలుగువారిని చేరిందన్నమాట! అయితే ఆ వైద్యం చేయడానికి ప్రభుత్వ అనుమతి కావాలా అన్న వివాదం అమెరికాలో ముదిరింది. ఆ చరిత్ర తెలుసుకోదగినది.

దీనికి పునాది ఒక వ్యాజ్యం. వెస్టు వర్జీనియా రాష్ట్రంలో ఫ్రాంక్ డెంట్ అనే వైద్యుడు 1876 నుండి వైద్యం చేస్తూండేవాడు. 1880ల తొలినాళ్ళలో ఆ రాష్ట్రం వైద్యులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. డెంటు చూపిన పట్టా మూలికావైద్యాన్ని ఆదరించే 'ఎక్లెక్టిక్' సంప్రదాయపు కళాశాలది. అధికారులు దానిని అంగీకరించలేదు. వైద్యం మానలేదని యాభై డాలర్ల జరిమానా పడింది. 1889లో సుప్రీంకోర్టు రాష్ట్రం పక్షాననే తీర్పు చెప్పింది. వైద్యుని విద్యను తూచే శక్తి రోగికి ఉండదు, కనుక అతడు లైసెన్సునే నమ్ముకోవాలి అన్నది అందులోని తర్కం.

ఆ తర్కం ప్రకృతివైద్యులకు సంకెల అయింది. బెనెడిక్ట్ లుస్ట్ 1892లో జర్మనీ నుండి అమెరికా వెళ్ళి, క్షయ సోకి తిరిగివచ్చి, క్నైప్ అనే మతాచార్యుని జలచికిత్సతో కోలుకొన్నాడు. 1896లో మళ్ళీ న్యూయార్కు చేరి ఆ విద్యను ప్రచారం చేశాడు. 1901లో పాఠశాల పెట్టాడు. 'నేచురోపతి' పేరుపై హక్కును షీల్ నుండి కొన్నాడు. లైసెన్సు లేని వైద్యమన్న నేరంపై పలుమార్లు అరెస్టయ్యాడు. 1910లో ఫ్లెక్స్‌నర్ నివేదిక అమెరికా, కెనడాలలోని 155 వైద్యకళాశాలలను పరిశీలించి ప్రమాణాలను మరింత బిగించింది.

అప్పుడు ప్రకృతివైద్యులు తమకూ వేరుగా లైసెన్సు ఇమ్మని అడిగారు. హవాయి 1925లో, ఆరెగాన్ 1927లో ఇచ్చాయి. ఇచ్చినది నిలుస్తుందన్న భరోసా లేదు. ఫ్లోరిడా 1959లో కొత్త లైసెన్సులు ఆపివేసింది. ఆరెగాన్‌లోని పోర్ట్‌లాండులో 1956లో వెలసిన కళాశాల ఆ విద్యను కాపాడుకొంది. కాలిఫోర్నియా 2003లో చట్టం చేసింది. నేడు దాదాపు సగం రాష్ట్రాలలో లైసెన్సు ఉంది. అభ్యర్థి గుర్తింపు పొందిన కళాశాలలో నాలుగేళ్ళ చదువు ముగించి, శాస్త్రవిషయాలలోను చికిత్సలోను రెండంచెల పరీక్ష నెగ్గి, ఆపైన దరఖాస్తు పెట్టాలి. మందు వద్దన్న వైద్యానికి వారసులైనవారు ఆరెగాన్‌లో నేడు మందులు వ్రాయవచ్చును!

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. లైసెన్సు పరీక్షించేది వైద్యుని చదువును. చికిత్స ఫలిస్తుందా లేదా అన్నది వేరే పరీక్ష. అది రోగుల మీద ఓపికగా జరిపే పరిశోధనలలో తేలాలి. గోడమీది పటంలో ప్రభుత్వముద్రను చూసి రెండవదానికి కూడా హామీ దొరికిందనుకొంటే, డెంటు కేసులో న్యాయమూర్తులు కాపాడదలచిన రోగియే మోసపోతాడు. ముద్ర లేనివాడికి ప్రాణం అప్పగించడం ఇంకా ప్రమాదం. అందుచేత వైద్యుని ముంగిట రెండు ప్రశ్నలూ అడగడం మేలు: అయ్యా, మీరేమి చదివారు? ఈ వైద్యం నా రోగానికి పనిచేస్తుందని ఎట్లా తెలిసింది?