తొందరపడితే కలక, ఓపిక పడితే తేట

1976లో అమెరికా ప్రమాదకర వ్యర్థాలను అదుపు చేసే చట్టం తెచ్చుకుంది. రెండేళ్లు తిరక్కుండానే న్యూయార్క్ రాష్ట్రంలోని లవ్ కెనాల్‌లో, పాతిపెట్టిన రసాయనాల పక్కన కాపురముంటున్న కుటుంబాలను ఇళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది. 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. నేల కింద విషం ఎంత దూరం పాకిందో తెలుసుకోవడానికి దేశమంతటా సన్నని పరిశీలక బావులు తవ్వారు. లోపల గొట్టం దించి, అడుగున నీరు ఊరేచోట జల్లెడ పైపు అమర్చారు. ఇక నీళ్లు తీసి సీసాలో పట్టడమే కదా అనుకున్నారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

గొట్టంలో నిలిచిన నీటికి గాలి సోకుతుంది. కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారి అడుగుకు దిగుతుంది. బెంజీన్ లాంటివి ఆవిరైపోతాయి. ఆ నీరు పట్టుకెళ్తే నేల సంగతి తెలియదు. అందుకని గొట్టంలో ఎంత నీరుంటే అంతకు మూడు నుంచి అయిదు రెట్లు తోడి పారబోసి, కొత్త ఊటను పట్టడం వాడుక అయింది. చాలాచోట్ల తోడింది బెయిలర్‌తో. మన చేద లాంటిదే, కాకపోతే సన్నని గొట్టం. ఇల్లినాయిస్‌లో మైకేల్ బార్సిలోనా బృందానికి మరో అనుమానం వచ్చింది. పైపులు, పంపులే రసాయనాలను పీల్చుకుంటే? ఏ పదార్థం నమ్మదగినదో పరీక్షించి, 1985లో నమూనాల సేకరణకు మార్గదర్శిని వెలువరించారు.

అయినా సీసాల్లో నీరు కలకగానే వచ్చేది. లోహాల పరీక్షకు పట్టిన నీటిలో నైట్రిక్ ఆమ్లం కలపాలి, లేకపోతే లోహం సీసా గోడకు అంటుకుంటుంది. ఆ ఆమ్లమే మట్టి రేణువుల్లోని లోహాన్నీ కరిగించేది. కదలకుండా పడివున్న మట్టి రిపోర్టులో కాలుష్యమై తేలేది. సరే, 0.45 మైక్రాన్ల వడపోత పెట్టారు. నీరు తేటపడింది. కానీ నీటితోపాటు నేల సందుల్లో నిజంగానే ప్రయాణించే సూక్ష్మ రేణువులు కొన్ని ఉంటాయి. విషాన్ని మోసుకుపోయేవి అవే కావచ్చు. వడపోతలో అవీ ఆగిపోయేవి. వడకట్టకపోతే లేని కాలుష్యం కనబడుతుంది, వడకడితే ఉన్నది మాయమవుతుంది!

ఓక్లహోమాలోని ఏడా పట్టణంలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రయోగశాల ఉంది. అక్కడి రాబర్ట్ పుల్స్, రాబర్ట్ పావెల్ నీటిని వదిలి, తోడే చేతిని అనుమానించారు. ఎంత గొప్ప అనుమానమది! బెయిలర్ దబ్బున దిగినప్పుడల్లా, పంపు జోరుగా లాగినప్పుడల్లా అడుగు మడ్డి లేచేది. పంపు వేగం బాగా తగ్గించి చూశారు. కలక తగ్గింది. వడకట్టిన నీటికీ వడకట్టని నీటికీ లోహాల లెక్కలో తేడా చాలావరకు తరిగింది.

కెనడాలో రాబిన్, గిల్హామ్ అనే పరిశోధకులు 1987లోనే ఒక మాట చెప్పి ఉన్నారు. జల్లెడ పైపు దగ్గర నీరు నిలవ ఉండదనీ, పక్క నేలలోంచి వచ్చి దానంతటదే దాటిపోతుంటుందనీ. అంటే అక్కడ మెల్లగా తోడితే కొత్త నీరే వస్తుందన్నమాట. 1992లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల పరిశోధకులు బావిలోకి కెమెరా దించి రేణువుల కదలికను కళ్లారా చూశారు.  అది ఒక గుట్టు విప్పింది: బావిలోకి ఏది దించినా రేణువులు రేగుతాయి.

1996లో పుల్స్, బార్సిలోనా కలిసి పద్ధతిని అక్షరబద్ధం చేశారు. నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్లే తోడాలి. బావిలో నీటిమట్టం 10 సెంటీమీటర్లకు మించి పడిపోకుండా చూడాలి. పీహెచ్, విద్యుద్వాహకత, ఆక్సిజన్, కలక కొలుస్తూ, వరుసగా మూడు రీడింగులు నిలకడగా వచ్చాకే సీసా పట్టాలి. ఆవిరయ్యే రసాయనాల కోసమైతే 40 మిల్లీలీటర్ల సీసాను అంచుదాకా నింపి, బుడగ లేకుండా మూత బిగించి మంచులో పెట్టాలి.

మీ బోరు నీటిని పరీక్షకు పంపేటప్పుడు కాసేపు మోటారు నడిపి, ల్యాబు ఇచ్చిన సీసాలోనే పట్టి, వీలైనంత త్వరగా అందించండి. ఏ రిపోర్టు చేతికొచ్చినా అంకెలతోపాటు, ఆ నీటిని ఎలా పట్టారో కూడా అడగండి.