మనిషి అడుగు పడని దీవిలో ఉప్పు చాపలు ఎండబెట్టింది ఎవరు?

ఈ ఎపిసోడ్ ఒక రీల్‌తో మొదలైంది. రాత్రి పదకొండు దాటింది, నిద్ర రాక ఫోన్‌లో స్క్రోల్ చేస్తున్నా. ఒక డ్రోన్ షాట్ వచ్చింది. కంటికి ఆనినంత దూరం లేత నీలం నీళ్లు. లోతు మోకాలి దాకానే, కింద తెల్లటి ఇసుక. మధ్యలో ఒక్కడే మనిషి, చేతిలో సన్నటి రాడ్. చాప పట్టాడు, రెండు చేతులతో పట్టుకుని ఫోటో దిగాడు, మళ్లీ నీళ్లలో వదిలేశాడు. కింద క్యాప్షన్: మనిషి అడుగు పడని చోట ఒక వారం.

నేను ఎల్లారెడ్డివాణ్ని. సముద్రాన్ని మొదటిసారి చూసిందే బీటెక్ సెకండియర్‌లో, వైజాగ్ టూర్‌కి పోయినప్పుడు. మాకు నీళ్లంటే మంజీర, నిజాంసాగర్, పోచారం. చాపలు పట్టడం అంటే ఒక కట్టె, దారం, గాలం, దానికి గుచ్చిన ఎర్ర. పట్టిన చాపని వదిలేస్తే ఇంట్లో నాకు అన్నం పెట్టరు! అందుకే ఆ రీల్ వింతగా అనిపించింది. ఆ చోటు ఎక్కడుందో వెతికా. వెతికితే తేలింది ఏంటంటే, అక్కడ మనుషుల అడుగులు చాలానే పడ్డాయి.

ముందు ఈ ఆట గురించి చెప్తా. దీన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. మన గాలానికి బరువు కోసం సీసం గుండు కడతాం, ఆ బరువుతోనే దారం దూరం పోతుంది. ఇక్కడ గుండు ఉండదు. ఈకలు, వెంట్రుకలు, మెరుపు దారం కొక్కేనికి చుట్టి చిన్న రొయ్యలాగా, పీతలాగా తయారు చేస్తారు. అది గాలికి తేలిపోయేంత తేలిక. అందుకే దారాన్నే లావుగా, బరువుగా చేస్తారు. దాన్ని గాల్లో ముందుకీ వెనక్కీ ఊపి, ఆ బరువుతో ఎరని విసురుతారు. మొదట్లో ఇది చల్లటి మంచినీళ్ల వాగుల్లో ట్రౌట్ చాపల కోసం ఆడిన ఆట.

ఉప్పునీళ్లలో, ఇలాంటి లోతులేని ఇసుక మేటల మీద ఇది ఊపందుకుంది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా దీవుల్లో జో బ్రూక్స్ అనే ఆయన, జిమ్మీ ఆల్‌బ్రైట్ అనే గైడ్‌తో కలిసి బోన్‌ఫిష్ అనే చాపని కావాలని ఫ్లైతో పట్టి చూపించాడు. అక్కడి నుంచి మిగతా ఉష్ణమండల దీవులకి పాకింది.

బోన్‌ఫిష్ అంటే వెండి రంగులో మెరిసే చాప. ఒళ్లంతా ముళ్లు, పేరు కూడా అందుకే. పోటు వచ్చినప్పుడు ఇసుక మేటల మీదకి వచ్చి, తల కిందకి పెట్టి రొయ్యలూ పీతలూ వెతుక్కుంటుంది. అప్పుడు తోక నీళ్లపైన కనిపిస్తుంది. చిన్న చప్పుడైనా బాణంలా పారిపోతుంది. దాన్ని కంటితో చూసి, దాని ముందు ఎర పడేలా విసరాలి. ఆట మొత్తం ఇదే. చాలాసార్లు చాపని ముందు చూసేది డబ్బు కట్టిన మనిషి కాదు, పక్కన నిలబడ్డ గైడ్. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు చోటు సంగతి. హిందూ మహాసముద్రంలో మారిషస్ ఉంది కదా. అక్కడి నుంచి ఈశాన్యంగా దాదాపు 430 కిలోమీటర్లు పోతే సెయింట్ బ్రాండన్ అనే చిన్న చిన్న దీవుల గుంపు వస్తుంది. పాత పోర్చుగీసు పేరు కార్గడోస్ కరజోస్. అక్కడికి విమానం పోదు. పోర్ట్ లూయిస్ రేవు నుంచి ఓడలో ఒక రోజు పైనే ప్రయాణం. పెద్ద బోన్‌ఫిష్ కోసం ప్రపంచంలో పేరున్న చోట్లలో ఇదొకటి. ఒక వారం ట్రిప్ అంటే మనిషికి లక్షల్లో ఖర్చు.

సరే, మారిషస్ అనగానే మనకి సంబంధం ఉందని మీకు తెలుసో లేదో. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇస్తారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే. అంత దూరంలో తెలుగువాళ్లు ఎందుకున్నారు?

బ్రిటిష్ వాళ్లు మారిషస్‌లో బానిసత్వాన్ని 1835లో రద్దు చేశారు. కానీ చెరకు తోటలు నడవాలి. కూలీలు కావాలి. దాంతో ఇండియా నుంచి ఒప్పంద కూలీలను తీసుకెళ్లడం మొదలుపెట్టారు. 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడలో దిగిన వాళ్ల జ్ఞాపకంగా ఆ తేదీ ఇప్పటికీ అక్కడ సెలవు రోజు. పోర్ట్ లూయిస్‌లో కూలీలు ఓడ దిగి ఎక్కిన పదహారు రాతి మెట్లు ఇంకా ఉన్నాయి. ఆ చోటు పేరు ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. సుమారు 1920 దాకా దాదాపు 5 లక్షల మంది ఆ దారిలో వచ్చారు.

వాళ్లలో ఎక్కువ మంది బీహార్ వైపు వాళ్లు. మద్రాస్ ప్రెసిడెన్సీ నుంచి తమిళులు, తెలుగువాళ్లు పోయారు. మనవాళ్లని అక్కడ కోరంగీలు అని కూడా పిలిచేవాళ్లు. కాకినాడ దగ్గర కోరంగి రేవు ఉంది కదా, ఆ పేరు మీద. 1839లో తుఫాను దెబ్బకి కోరంగి అతలాకుతలమైంది. 1843లో తెలుగు కూలీలని తీసుకెళ్లిన ఓడ పేరు కోరింగా ప్యాకెట్. రేవు పేరు ఓడకి ఎక్కింది, మనుషులకీ ఎక్కింది. వీళ్లు కోస్తా జిల్లాల వాళ్లు. మన ఎల్లారెడ్డి అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది.

ఒప్పందం ఏంటో వినండి. 5 ఏళ్లు పని. జీతం నెలకి 5 రూపాయలు. దాంతో పాటు రేషన్: బియ్యం, పప్పు, నెయ్యి, ఉప్పు, ఎండు చాప.

ఎండు చాప! నేను ఆగిపోయింది ఇక్కడే. ఎందుకంటే సెయింట్ బ్రాండన్ 19వ శతాబ్దం నుంచే మారిషస్‌కి ఉప్పు చాపలు పంపిన చోటు. కూలీల పళ్లెంలో పడ్డ ప్రతి ముక్కా అక్కడిదే అని నేను అనను, బయటి దేశాల నుంచి కూడా వచ్చేది. కానీ ఈ దీవుల పని అదే. పనోళ్లు ఓడలో వచ్చేవాళ్లు, నెలల తరబడి ఉండేవాళ్లు. చిన్న పడవల మీద పోయి చేతి దారంతో చాపలు పట్టేవాళ్లు. చీల్చి, కడిగి, ఉప్పు పట్టించి ఎండబెట్టేవాళ్లు. ఓడ వచ్చినప్పుడు సరుకు పోయేది.

ఇంకోటి కూడా పోయేది. సముద్ర పక్షుల రెట్ట. దాన్ని గ్వానో అంటారు, మంచి ఎరువు. ఈ దీవుల్లో తవ్వి మారిషస్‌కి పంపేవాళ్లు. అంటే చెరకు దీవికి ఎరువూ, తిండీ ఈ ఇసుక మేటల నుంచి వెళ్లాయి. రీల్‌లో ఖాళీగా కనిపించిన చోటు ఒకప్పుడు పని చేసే చోటు.

ఈ హక్కుల గొడవ కోర్టు దాకా కూడా పోయింది. రఫాయెల్ ఫిషింగ్ కంపెనీ అని ఒకటి చాలా దశాబ్దాలుగా ఇక్కడ చాపల వ్యాపారం చేస్తోంది. 13 దీవుల మీద హక్కు ఎవరిది, కంపెనీదా, ప్రభుత్వానిదా అని కేసు నడిచింది. మారిషస్‌కి 1968లోనే స్వాతంత్ర్యం వచ్చింది, కానీ దాని ఆఖరి అప్పీల్ ఇప్పటికీ లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కే పోతుంది. 2008లో ప్రివీ కౌన్సిల్, ఆ 13 దీవుల మీద కంపెనీకి శాశ్వత హక్కు ఉందని తీర్పు చెప్పింది. మనిషి అడుగే పడని చోటు కోసం అంత పెద్ద కేసు ఎవరైనా వేస్తారా చెప్పండి?

ఇప్పుడు రెండు రకాల వాళ్లని పక్కపక్కన పెట్టి చూడండి. ఉప్పు చాపల పనోడికి కావాల్సింది కండ ఉన్న చాప, అది లోతు నీళ్లలో దొరుకుతుంది. ముళ్ల బోన్‌ఫిష్ వాడికి పెద్దగా పనికిరాదు. ఫ్లై ఫిషింగ్ మనిషికి ఆ ముళ్ల చాపే బంగారం, తినడు కాబట్టి ముళ్లతో పనేముంది. ఒకడు నెలలు ఉన్నాడు, కూలి తీసుకున్నాడు. ఇంకొకడు వారం ఉంటాడు, డబ్బు కడతాడు. వారం ఉన్నవాడి వీడియోలు వందల్లో ఉన్నాయి. నెలలు ఉన్నవాడి గురించి దొరికింది ఉప్పు చాపల లెక్కలు, లీజు కాగితాలు.

ఫ్లై ఫిషింగ్ వాళ్లని తిట్టడానికి నేను ఇది చెప్పట్లేదు. పట్టిన చాపని తడి చేతులతో పట్టుకుని, ఎక్కువసేపు గాల్లో ఉంచకుండా వదిలితే అది బతుకుతుంది. ఆ దీవుల్లో పచ్చ తాబేళ్లు గుడ్లు పెడతాయి, లక్షల పక్షులు గూడు కడతాయి. టన్నుల కొద్దీ చాపలు తోడే పడవ కంటే నలుగురు ఫ్లై రాడ్ మనుషులు వచ్చి పోవడం నయమే కావచ్చు. నా పేచీ ఆ క్యాప్షన్‌తోనే.

ఎందుకంటే ఈ క్యాప్షన్ నాకు ఇంట్లో కూడా ఎదురైంది.

మా కాక పదకొండేళ్లు గల్ఫ్‌లో మేస్త్రీ పని చేసి వచ్చిండు. కామారెడ్డి, నిజామాబాద్ వైపు ఏ ఊరికి పోయినా ఇలాంటి కాకలు ఉంటారు, మీకు తెలుసు. ఒకరోజు ఆయనకి ఫోన్‌లో ఒక వీడియో చూపించిన. పెద్ద పెద్ద టవర్లు, అద్దాలు, సంగీతం. వెనక వాయిస్ చెప్తోంది: ఒకప్పుడు ఇక్కడ ఏమీ లేదు, ఎవరూ లేరు, ఒక నాయకుడి కల నుంచి ఈ నగరం పుట్టింది. కాక మొత్తం చూసిండు. ఫోన్ తిరిగి ఇచ్చి అన్నడు, "ఎవ్వరు లేకపోవుడేంది బిడ్డా? మేం ఉంటిమి గద."

అంతే అన్నడు. లేచి మోటార్ బంద్ చేయనీకి పొలం దిక్కు పోయిండు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంకో సంగతి చెప్తా. 1830ల చివర్లో కూలీలని మోసం చేసి తీసుకెళ్తున్నారని గోల లేచి, ప్రభుత్వం కొన్నాళ్లు ఓడలు ఆపేసింది. 1842లో మళ్లీ వదిలింది, ఆ తర్వాత వలసపోయే వాళ్లని చూసుకోవడానికి ఒక అధికారిని పెట్టింది. ఆ ఉద్యోగం పేరు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్. ఇప్పుడు గల్ఫ్‌కి పోయే పనోళ్ల కాగితాలు చూసేది ఎవరో తెలుసా? 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద అదే పేరున్న అధికారి. హైదరాబాద్‌లో ఆఫీస్ ఉంది. ఓడ పోయి విమానం వచ్చింది, కుర్చీ పేరు మారలేదు.

మారిషస్‌లో ఆ కూలీల రికార్డులు చాలావరకు మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. ప్రతి మనిషికీ ఒక నంబర్. పేరు, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చ. 1860ల నుంచి ఫోటోలు కూడా. తెల్లదొర తన లెక్క కోసం రాసుకున్న కాగితాలే అవి, కానీ ఇప్పుడు వాళ్ల మునిమనవలు వచ్చి అందులోనే తమ ఊరి పేరు వెతుక్కుంటున్నారు. మన గల్ఫ్ కాకల సంగతి? వీసా కాపీ, ఒక లేబర్ కార్డు, నాలుగు పాత ఫోటోలు. చాలా ఇళ్లల్లో అవి కూడా లేవు.

మన దగ్గర కూడా ఇదే కదా. నిజాంసాగర్ డ్రోన్ వీడియోలు మీరూ చూసుంటారు. వానాకాలం నిండితే ఎంత బాగుంటుందో. 1931లో ఆ ప్రాజెక్టు పూర్తయ్యేలోపు ఎన్ని ఊర్లు ఖాళీ చేయించారో ఆ వీడియోల్లో ఎవరూ చెప్పరు. నేను కూడా చెప్పలేదు, నా మొదటి నిజాంసాగర్ వీడియో తీసి చూడండి. డ్రోన్ లేపి, పాట పెట్టి వదిలేసిన. అది నా తప్పే.

చివరగా ఒక తిండి ముచ్చట. మారిషస్‌లో ఇప్పటికీ టమాటా, ఉల్లిగడ్డ, మిర్చి వేసి ఉప్పు చాప వండుతారు. దాన్ని రుగాయ్ అంటారు. ఆ మాట తమిళ ఊరుగాయ్ నుంచి వచ్చిందని చెప్తారు, అంటే మన ఊరగాయ. మొన్న అంగడి రోజు మా అమ్మ ఎండు చాపలు తెచ్చి టమాటా వేసి వండింది. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఎల్లారెడ్డికి ఆ చాప ఎట్లా వచ్చిందని ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఎవరో పట్టారు, ఎవరో చీల్చారు, ఎవరో ఉప్పు పట్టించి ఎండబెట్టారు.

ఈ వారం మీకు ఒక్క పని చెప్తా. మీ ఇంట్లో గల్ఫ్ పోయొచ్చిన కాకో, మామో, నాన్నో ఉంటే ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పక్కన కూర్చోండి. ఏ సంవత్సరం పోయిండ్రు, ఏ ఏజెంట్, ఎంత అప్పు, ఏ బిల్డింగ్ కట్టిండ్రు, అడగండి. ఎక్కడా పోస్ట్ చేయనవసరం లేదు, దాచి పెట్టండి. నేను మా కాకది మొదలుపెట్టిన. ఇప్పటికి నలభై నిమిషాలైంది, ఇంకా మొదటి ఏడాది కూడా అవ్వలేదు.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా ఫ్రెండ్స్.