ఆటిజం ఉన్న విద్యార్థులకు శాస్త్రీయ నృత్య బోధన

ఆటిజం ఉన్న పిల్లలు, పెద్దలు తోటివారితో కలిసి నాట్యం నేర్చుకునేలా పాఠాన్ని, గదిని, గురువు పద్ధతిని మలచుకునే బోధన. నృత్యాన్ని చికిత్సగా వాడే డాన్స్ థెరపీ వేరు. ఇక్కడ లక్ష్యం నాట్యం నేర్పడమే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి.

కూచిపూడి, భరతనాట్య తరగతుల తీరులోనే కొంత అనుకూలత ఉంది. నమస్కారంతో మొదలై, అడుగులను ఒకే వరుసలో మూడు కాలాల్లో చేయించే పాఠంలో తర్వాత ఏం రాబోతోందో ముందే తెలుస్తుంది. ఆ వరుసను బొమ్మల పట్టికగా గోడకు తగిలిస్తే మరింత తేలిక. అభినయం, అంటే ముఖంతో, చేతులతో భావాన్ని చూపడం, ఆటిజం ఉన్నవారికి పట్టుబడదనడం తొందరపాటు. నందికేశ్వరుని అభినయదర్పణం అనే గ్రంథం తొమ్మిది శిరోభేదాలను (తల కదలికలను), ఎనిమిది దృష్టిభేదాలను (చూపు తీరులను) విడివిడిగా వివరిస్తుంది. ఊహించి పట్టుకోమని వదిలేయదు.

చిక్కంతా ధ్వనితోనూ స్పర్శతోనూ. గజ్జెలు, తట్టుకర్ర, నట్టువాంగం తాళాలు కలిసి మోగే గది కొందరికి భరించరానిది. గజ్జెలు లేని సాధన, శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు, కాసేపు పక్కకు వెళ్లి కూర్చునే చోటు పనికొస్తాయి. అరమండిని (మోకాళ్లు పక్కలకు వంచి నిలబడే భంగిమను) సరిదిద్దడానికి మోకాలు పట్టుకునే ముందు అడగాలి. కళ్లలోకి చూడమని పట్టుబట్టడం, చేతులు ఆడించుకుంటుంటే మాన్పించడం అనవసరం. ఎదురుగా నిలబడి చూపితే కుడిఎడమలు తారుమారవుతాయి కనుక అదే దిశకు తిరిగి చేసి చూపడం మేలు. పట్టు దుస్తులు, బిగించిన జడ, ముఖానికి రంగు ప్రదర్శన నాడే తొలిసారి ఎదురైతే బాగా వచ్చిన అంశం కూడా ఆగిపోవచ్చు. వాటిని ముందునుంచే కొద్దికొద్దిగా అలవాటు చేయాలి, లేదా నూలు దుస్తులతో సరిపెట్టాలి.