ద్వారక కట్టిన కోడూరాయన

ఆ మిరపతొడాలు మంటలో పడనీయకండిరా, ఘాటుకి ముచ్చట కాస్తా దగ్గులోకి పోద్ది. అమ్మాయ్, పొగ నీ మీదికే వస్తంది, ఇటు జరుగు.

పొద్దున మీరు చెప్పుకుంటుంటే విన్నాలే. గుంటూరులో ఎవరిదో ఇంటికి లోపలి అలంకారం చేసినాయన లక్షలు తీసుకున్నాడంట, గోడలకి చెక్కలు తాపించి సీలింగులో దీపాలు దాచిపెట్టాడంట. సినిమాల్లో ఆ విద్యకి మొనగాడు మన పొన్నూరు పక్కన బ్రాహ్మణకోడూరు మనిషిరా. మాధవపెద్ది గోఖలే గారు. పేరు విని మరాఠీ ఆయనేమో అనుకునేరు, అచ్చంగా మన జిల్లా బిడ్డ. 1917లో పుట్టాడు.

మద్రాసు ఆర్ట్ స్కూల్లో దేవీప్రసాద్ రాయ్‌చౌధురి దగ్గర బొమ్మలు నేర్చాడు. మెరీనా బీచి కాడ నలుగురు కూలీలు బండరాతిని కదిలిస్తా ఉంటారు చూడండి, ఆ విగ్రహం చేసింది ఆ గురువు గారే. తర్వాత గోఖలే గారు కమ్యూనిస్టుల్లో చేరి వాళ్ళ ‘ప్రజాశక్తి’ పత్రికకి బొమ్మలేశాడు. కథలూ రాశాడు. పొలం పనిచేసే కూలోళ్ళ బతుకు, వాళ్ళ నోటి మాట, ఉన్నదున్నట్టు కాగితమ్మీద పెట్టాడు. అట్టాంటి మనిషి చేత దేవుళ్ళ మేడలు కట్టించారు విజయా సినిమా కంపెనీ వాళ్ళు! ఆ కంపెనీ నడిపిన చక్రపాణి గారిదీ మన తెనాలేగా.

‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, అన్నిట్లోనూ కళ ఆయనదీ కళాధర్ గారిదీ. ఇద్దరూ జోడెద్దుల్లా లాగారు.

1957లో ‘మాయాబజార్’ వచ్చింది. మా నాయన మిరప బస్తాలు గుంటూరులో అమ్మేసి, డబ్బు పంచె మడతలో దోపుకుని, నన్ను ఆటకి తీసుకుపోయాడు. తెర మీద ద్వారక కనపడేసరికి నోరు తెరిచి చూస్తా ఉండిపోయా. మేడలు, గోపురాలు, వాటిల్లో దీపాలు! అంత పట్నం ఎక్కడుందో పోయి చూసొద్దామని నాయనని ఒకటే సతాయించా. తీరా పెద్దయ్యాక తెలిసింది, అది 60 అడుగులు పొడుగు, 50 అడుగులు వెడల్పు జాగాలో కట్టిన బొమ్మల ఊరు. ఈ కల్లంలో ఓ మూల చాలు దానికి. 300 బుల్లి ఇళ్ళంట, ఒకదాని సైజు ఒకదానికి లేదు, ఒకదాని తీరు ఒకదానికి రాదు. చేత్తో చేయించారు ఒక్కొక్కటీ. ఒకటే అచ్చులో పోసి వరసగా నిలబెట్టినా తెర మీద పట్టేవాడెవడు? అయినా అట్టా చెయ్యలా. ఎక్కడైనా ఊరన్నాక ఇళ్ళన్నీ ఒకే తీరున ఉంటయ్యా, ఆ సంగతి పల్లెటూరోడికి చెప్పాలా!

ఇంక ఘటోత్కచుడి మనుషులు కౌరవులకి కట్టిన విడిది. మంచం మీద నడుం వాలుద్దామంటే గిర్రున తిప్పి కింద పడేస్తది. కంబళి దానంతటదే చుట్టుకుపోద్ది. ఎవరింట్లో అయినా సామాను ఓ పక్కన పడుంటది. అక్కడ మంచానికీ కంబళికీ కూడా వేషం ఇచ్చారు. చూడ్డానికి రాజుల మంచంలా ఉండాలి, తిరగమన్నప్పుడు తిరగాలి, మనిషికి దెబ్బ తగలకూడదు. వడ్రంగి పనీ ఉండాలి, చిత్రకారుడి కన్నూ ఉండాలి. అన్నట్టు, ఘటోత్కచుడి వేషంలో రంగారావు పెళ్ళి వంటలన్నీ ఒక్కడే మింగేసే పాట ఉందే, అది పాడిన మాధవపెద్ది సత్యం గారిదీ గోఖలే గారి ఇంటిపేరే.

నాకు మనసులో కష్టంగా ఉండేది ఒకటుంది. దేవాలయం కట్టిన శిల్పి పని వెయ్యేళ్ళు నిలబడ్డది. ఈయన కట్టినవి ముందు నుంచి చూస్తే రాజమహలు, వెనక్కి పోతే బద్దలూ మేకులూ. షూటింగ్ కాగానే విప్పేసి ఇంకో సినిమాకి ఆ చెక్కలే వాడతారు. అంత శ్రద్ధ పెట్టిన చేతులకి ఎంత గుండె ఉండాలిరా!

1962లో ‘గుండమ్మ కథ’కీ ఆయనే. అందులో మయసభలు లేవు, సంసారుల ఇల్లు. నన్నడిగితే అదే కష్టమైన పని. ద్వారక ఎవరూ చూడలా, ఎట్టా కట్టినా ఒప్పుకుంటాం. గుండమ్మ ఇంటి లాంటిది మాత్రం ప్రతి ఊళ్ళో ఉంది, కాస్త తేడా వచ్చినా ఆడోళ్ళు పట్టేస్తారు. మా అమ్మకి ఎక్కడా తప్పు కనపళ్ళా.

‘మాయాబజార్’కి రంగులద్ది 2010లో మళ్ళీ వదిలారు. పోయి చూశా. బాగానే ఉందన్నారు అందరూ, పిల్లలకి నచ్చింది కూడా. నాకు మాత్రం ఆ స్తంభాల మీద నగిషీ నలుపు తెలుపుల్లోనే కుదిరింది, వెలుగూ నీడా చూసుకుని చెక్కించిన పని కదా అది. ఫోన్లో పెడతానంటున్నావుగా, పాతదే పెట్టు. ఈలోపు నాకు కునుకు పడితే ద్వారక వచ్చినప్పుడు లేపు.